ఆరు సంఖ్యలు, ఒక టేపు చుట్ట



రేడియో పాటలు వినే మీకు టేపు చుట్ట కొత్త వస్తువేమీ కాదు. పావు అంగుళం వెడల్పున్న టేపు మీద ఎందరి గొంతులో భద్రపడ్డాయి. ఈవేళ నేను చెప్పబోయేది దాని అన్నగారి సంగతి. అర అంగుళం వెడల్పు, నిండు చుట్టకు 2400 అడుగుల పొడవు. అది మోసుకొచ్చింది పాటను కాదు, కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రూపొందించిన యూనిక్స్ ఆరవ కూర్పు 1975లో వెలువడింది. విశ్వవిద్యాలయాలకు అది టేపు మీదే చేరేది. ఆ సంస్థ టెలిఫోను కంపెనీది. 1956 నాటి న్యాయస్థానపు ఒప్పందం వల్ల వేరే వ్యాపారంలోకి దిగకూడదు. కనుక టేపు ఇచ్చేవారు, కొన్ని పేజీల సూచనలు ఇచ్చేవారు, అంతే. పని చేయకపోతే అడగడానికి ఎవరూ ఉండరు. టేపూ, యంత్రమూ, మీరూ!

ఆ యంత్రం పేరు పీడీపీ-11. బూట్ పరికరం అమర్చని యంత్రాన్ని ఆన్ చేస్తే, ఏం చేయాలో దానికి తెలియదు. టేపు చదవాలంటే చదివే ప్రోగ్రాము కావాలి. ఆ ప్రోగ్రాము టేపులోనే ఉంది. విత్తు ముందా, చెట్టు ముందా? మా బడిలోనూ ఇదే చిక్కు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి కన్నడ పాఠం అర్థం కావాలంటే ముందు కాసిని కన్నడ మాటలు రావాలి. ఆ మొదటి నాలుగు మాటలూ తెలుగులో నేనే నోటితో అందించాలి. పీడీపీ-11కు ఆ మాటలను వేళ్లతో అందించేవారు. ముందు పలక మీద మీటలు వరుసగా ఉంటాయి. మూడేసి మీటలు కలిస్తే ఒక అంకె, 0 నుంచి 7 వరకు. టీయూ-10 అనే టేపు యంత్రానికి అందించవలసినవి ఆరే ఆరు సంఖ్యలు: 012700, 172526, 010040, 012740, 060003, 000777.

ఇవి మంత్రాక్షరాలు కావు. మొదటి రెండూ 172526 అనే చిరునామాను ఒక రిజిస్టరులో ఉంచుతాయి. మూడోది ఆ సంఖ్యనే తీసుకెళ్లి, ఎన్ని బైట్లు చదవాలో చెప్పే గడిలో వేస్తుంది. చిరునామాను లెక్కగా వాడుకోవడమేమిటని మీకు అనుమానం రావచ్చు. ఆ గడిలో లెక్క రుణసంఖ్యగా ఉండాలి. అలా చూస్తే 172526 అంటే 2730 బైట్లు. టేపులోని ఒక దిమ్మ 512 బైట్లే కాబట్టి చాలినంత చోటు ఉన్నట్టే. ఆ పొదుపు చూసి నేను ముచ్చటపడ్డాను. నాలుగూ అయిదూ కలిసి 'చదువు' అనే ఆజ్ఞ. ఆరోది 'ఉన్నచోటే తిరుగుతూ ఉండు' అని చెబుతుంది.

ఇప్పుడు టేపు కదలాలి. కదలకపోతే? డ్రైవ్ సంఖ్య 0గా పెట్టారా, ఆన్‌లైన్ మీట నొక్కారా, టేపు మొదట్లో మెరిసే అల్యూమినియం ముక్క సరైన చోట ఆగిందా అని చూడాలి. అన్నీ బాగుంటే తప్పు మీ వేళ్లదే. ఒక్క మీట తారుమారైనా ఆజ్ఞ మారిపోతుంది, యంత్రం మాత్రం ఏమీ అనదు.

టేపు కదిలాక యంత్రాన్ని ఆపి 0 దగ్గర మళ్లీ మొదలుపెట్టాలి. టేపు వెనక్కి చుట్టుకుని, టెలిటైపు మీద ఒక సమానం గుర్తు పడుతుంది. పడకపోతే చదవడంలోనే లోపం. ఈ టేపు అంగుళానికి 800 చొప్పున రాసినది. 1600కు సర్దిన యంత్రానికి అది అర్థం కాదు. లేదా చదివే తలకు మురికి పట్టి ఉంటుంది. దూదిని ఆల్కహాలులో ముంచి తుడవడమే మందు.

గుర్తు పడ్డాక 'టీఎంఆర్‌కే' అని కొట్టి టేపును డిస్కు మీదికి ఎక్కించాలి. ఆర్‌కే-05 డిస్కుకైతే టేపులోని 100వ దిమ్మ డిస్కు 0వ చోటికి, 101 నుంచి 3999 దిమ్మలు ఆ తర్వాతి చోట్లకు వెళ్తాయి. మరో రకం డిస్కుకు ఈ లెక్క కుదరదు. అది గమనించకపోతే ఎక్కించడమంతా చక్కగా సాగుతుంది, చివరికి యంత్రం లేవదు! లేచిన యంత్రాన్ని ఒంటరి వాడుకలోనే ఉంచాలంటే మీటలను 173030కు పెట్టాలి. 1979 నాటి ఏడవ కూర్పు కాస్త దయ చూపింది. డిస్కు మీద గీకేముందు ఇదే ఆఖరి అవకాశమని ముందుగా హెచ్చరించేది.

అడగడానికి ఎవరూ లేరు కనుక వాడేవాళ్లే ఒకరినొకరు అడుగుకున్నారు. ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు 1977లో ఆరవ కూర్పు ప్రోగ్రాము పాఠానికి వ్యాఖ్యానం రాశారు. ఏడవ కూర్పుతో కంపెనీ తరగతి గదుల్లో ఆ పాఠం చెప్పనీయలేదు. అందువల్ల వ్యాఖ్యానం జిరాక్సు ప్రతులుగా చేతులు మారి, 1996లో గానీ పుస్తకంగా అచ్చు కాలేదు. ఉపాధ్యాయుణ్ని కనుక ఈ ముక్క దగ్గర కాసేపు ఆగాను, క్షమించాలి.

2025లో యూటా విశ్వవిద్యాలయంలో సామాను గది సర్దుతుండగా 1973 నాటి నాలుగవ కూర్పు టేపు బయటపడింది. కెర్నెల్‌ను సీ భాషలో రాసిన మొదటి కూర్పు అదే. పూర్తి ప్రతి ఎక్కడా మిగల్లేదని అంతవరకు అనుకునేవారు. ఇంత పాత టేపును ఒకసారి చదివితే రెండోసారి చదవగలమన్న హామీ లేదు. అందుకని కాలిఫోర్నియాలోని కంప్యూటర్ చరిత్ర మ్యూజియంలో, బైట్లను కాక టేపు నుంచి వచ్చే అయస్కాంత సంకేతాన్నే ఉన్నదున్నట్టు పట్టి ఉంచి, ఆ తర్వాత తీరిగ్గా ప్రోగ్రాముతో విడదీశారు. ఆ డిసెంబరులో అది చదవడానికి వచ్చింది. పీడీపీ-11ను అనుకరించే ప్రోగ్రాములో ఎక్కిస్తే, యాభై ఏళ్ల తర్వాత ఆ యూనిక్స్ మళ్లీ లేచి, పేరు అడిగింది.