న్యూ సేలం గ్రామము - అరువు వర్తకము

అబ్రహాం లింకను యౌవనములో దుకాణము నడపెనని మనలో పలువురు చిన్ననాడే వినియున్నాము. పొరపాటున ఎక్కువ పుచ్చుకొనిన కొద్ది సెంట్లను తిరిగి ఇచ్చుటకై ఆయన మైళ్ళకొలది నడచెనను కథ జగత్ప్రసిద్ధము. ఆ దుకాణ మేమయ్యెను, అది ఉన్న గ్రామ మేమయ్యెను అని మాత్రము మన మంతగా ప్రశ్నించుకొనము. వ్యక్తి ఖ్యాతి గ్రామచరిత్రను కప్పివేసినది.

అమెరికా మధ్యపశ్చిమ భాగమునందలి ఇల్లినాయ్ 1818లో రాష్ట్రమయ్యెను. 1829లో జేమ్స్ రట్లెడ్జి, ఆయన మేనల్లుడు జాన్ క్యామ్రన్ అచటి సాంగమన్ నదికి ఆనకట్ట వేసి, పిండిమరను, రంపపుమరను నెలకొల్పిరి. (నది పేరు మన సంగమమును తలపించును గాని దానితో దీనికి సంబంధమేమియు లేదు.) మరకు ధాన్యము తెచ్చిన రైతు తన వంతు వచ్చువరకు వేచియుండవలెను గదా! వేచియున్నవానికి కొట్టు కావలెను. గుఱ్ఱమునకు నాడా కావలెను. ప్రొద్దు క్రుంకినచో బస కావలెను. ఇట్లు మరను ఆశ్రయించి, నది ఒడ్డున మిట్టపై న్యూ సేలం వెలసినది.

మిక్కిలి వృద్ధిలో ఉన్ననాడు సైతము అది 25 కుటుంబముల గ్రామము. కమ్మరి, పీపాలు చేయువాడు, టోపీలు చేయువాడు, చెప్పులు కుట్టువాడు, వైద్యులు అందే ఉండిరి. ఏటవాలుగా అమర్చిన పెద్ద చక్రముపై ఎద్దులు నడచుచుండగా ఉన్ని ఏకు యంత్రము తిరుగుచుండెను.

రొక్కము మాత్రము అరుదు. రైతులు వెన్న, గ్రుడ్లు, తేనె, మైనము, తోళ్ళు తెచ్చి పంచదార, కాఫీ, ఉప్పు, గుడ్డలు, తుపాకిమందు పట్టుకొనిపోయెడివారు. మిగిలిన బాకీ పద్దు వ్రాయవలసినదే. ఆ కొట్టువాడును సరకును పైవర్తకునివద్ద అరువునకే తెచ్చెడివాడు. పల్లెకొట్టు ఖాతాపుస్తకము నెరిగిన శ్రోతలకు దీనిని వివరింప నక్కఱలేదు.

1831 ఏప్రిలులో లింకను న్యూ ఆర్లియన్సుకు సరకు కొనిపోవుచున్న పడవ ఈ ఆనకట్టపైననే చిక్కుకొనెను. ఆ సరకు యజమాని డెంటన్ ఆఫట్ తరువాత ఇచట కొట్టు పెట్టి లింకనును గుమాస్తాగా నియమించెను. ఏడాది తిరుగకుండ ఆ కొట్టు మూతపడెను. 1832లో యుద్ధసేవనుండి మరలివచ్చిన లింకను, విలియం బెర్రీ అను వానితో కలిసి ప్రోనోటుపై మరియొక కొట్టులో వాటా కొనెను. కొనినవారికి డబ్బు లేదు. కొనవలసిన ఊరివారికిని డబ్బు లేదు. ఇట్టి కొట్టు ఎన్నాళ్ళు నిలుచును? 1835 జనవరిలో బెర్రీ మరణించెను. సుమారు 1,100 డాలర్ల బాకీ లింకను మీద పడెను. దానిని ఆయన హాస్యముగా "జాతీయ ఋణము" అనెడివాడు. ఋణదాతలలో ఒకడు దావా వేసి డిక్రీ పొందగా, ఆయన గుఱ్ఱము, జీను, భూమి కొలుచు పనిముట్లు వేలమునకు వచ్చినవి. జేమ్స్ షార్ట్ అను రైతు వాటిని పాడుకొని తిరిగి లింకనుకే ఇచ్చివేసెను. ఇందులో దయ ఉన్నమాట నిజమే. కాని ఒకరికొకరు బాకీపడి బ్రతుకు చిన్న గ్రామములో ఒకని జీవనోపాధి పోయినచో ఆ నష్టము ఇరుగుపొరుగును తాకక మానదని గూడ ఆ రైతు ఎరిగియుండునని మేము తలచుచున్నాము.

1833 మే మొదలు లింకను ఆ ఊరి పోస్టుమాస్టరు. ఆ కాలమున తపాలా ఖర్చు తరచుగా జాబు అందుకొనువాడే ఇచ్చుకొనవలెను. ఒక కాగితపు జాబునకు 30 మైళ్ళ వఱకు 6 సెంట్లు. 400 మైళ్ళు దాటినచో 25 సెంట్లు. అదే ఏట బెర్రీ, లింకనుల పేర వచ్చిన లైసెన్సులో ఒక పూట భోజనము ధరగా నిర్ణయింపబడినదియు 25 సెంట్లే. దూరాన ఉన్న తల్లి వ్రాసిన జాబు చదువుకొనుటకు ఒక పూట భోజనము వెల చెల్లింపవలసియుండెను!

ఇంత అరువునకును ఆధారము నదిపై ఆశ. 1832 వసంతమున టాలిస్మన్ అను చిన్న స్టీమరు సిన్సినాటినుండి బయలుదేరి, సాంగమన్‌లో ఎదురెక్కి స్ప్రింగుఫీల్డు సమీపము చేరెను. స్టీమర్లు వచ్చునెడల సరకు రవాణా చౌకయగును, పంటకు బయట గిరాకి ఏర్పడును, బాకీలు తీరును. కాని నీరు తీయనారంభించుటచే స్టీమరు వెనుకకు మరలవలసివచ్చెను. న్యూ సేలంవద్ద దానిని దాటించుటకై ఆనకట్టలో కొంత భాగమును ఊడదీసిరి. తిరుగు ప్రయాణమున చుక్కాని పట్టినవారిలో లింకను ఒకడు. గ్రామమును పుట్టించిన ఆనకట్టయే గ్రామము కోరుకొనిన నౌకకు అడ్డమయ్యెను. ఆ నది వర్తకమార్గము కాజాలదని అంతటితో తేలిపోయెను.

రెండు మైళ్ళ దూరమున పీటర్సుబర్గు వెలసినది. 1836లో దాని వీధులను కొలిచి పటము గీసినవాడు లింకనే. అదే ఏట తపాలా కచేరి అచటికి తరలిపోయెను. 1837లో లింకను స్ప్రింగుఫీల్డుకు వెడలిపోయెను. 1839లో మెనార్డు కౌంటీ ఏర్పడి పీటర్సుబర్గు దానికి ముఖ్యపట్టణము కాగా, మిగిలియున్నవారు సైతము కదలిరి. కొందరు తమ ఇండ్ల కొయ్యదుంగలను విప్పి బండ్లపై వేసికొనిపోయిరి. 1840 నాటికి మిట్ట దాదాపు నిర్జనమయ్యెను.

1906లో పత్రికాధిపతి హర్‌స్టు ఆ నేలను కొనెను. 1919లో అది రాష్ట్రప్రభుత్వము వశమయ్యెను. 1930ల దశకమున పాత పునాదులపై కొయ్యయిండ్లను మరల కట్టిరి. నేడు యాత్రికులు చూచునవి ఆ ఇండ్లే. లింకను నాటి అసలు కట్టడము ఒక్కటి మాత్రమే కలదు: పీపాలు చేయు హెన్రీ ఆన్‌స్టాట్ పనిశాల. అదియు 1840లో పీటర్సుబర్గుకు తరలిపోయి, 1922లో తిరిగి తన మిట్టను చేరినదే.