కరెంటు తక్కువొచ్చి కాలిన మోటారు

‘కరెంటు తక్కువొచ్చి మోటారు కాలిపోయింది’ అంటాడు రైతు. రీవైండింగ్ షాపతను తలూపుతాడు. ఇద్దరికీ సంగతి బోధపడింది. ఫిజిక్సు చదివినవాడికి మాత్రం ఆ మాట తలకిందులుగా కనిపిస్తుంది. తగ్గింది ఓల్టేజీ; కరెంటు పెరిగింది, పెరిగింది కాబట్టే కాలింది.

ఇంగ్లీషు ‘ఎలక్ట్రిక్ కరెంట్’లో విశేషణం రాలిపోయి, ప్రవాహమనే విశేష్యం ఒక్కటే మన దాకా వచ్చింది. తమిళ, కన్నడ, మలయాళాల్లోనూ పోయేదీ వచ్చేదీ కరెంటే. హిందీవాళ్ల ‘బిజిలీ’ మెరుపు అనే అర్థమున్న ‘విద్యుత్’ నుంచి ప్రాకృతం మీదుగా దిగింది. మనకూ విద్యుత్తు ఉంది, కానీ పేపర్లోనూ ఆఫీసు బోర్డు మీదా. స్తంభం, తీగ, బిల్లు అన్నీ కరెంటువే.

పాఠ్యపుస్తకం ఈ ఒక్క మాటను నాలుగైదుగా చీల్చింది. ఓల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం, గుణిస్తే సామర్థ్యం. సామర్థ్యాన్ని గంటలతో గుణిస్తే బిల్లులోని యూనిట్లు. వాడుక భాష ఇవన్నీ కలిపేసిందని మాస్టార్లు విసుక్కుంటారు గానీ, నాకలా అనిపించదు. నామవాచకం ఒకటే అయినా క్రియలు వేరు. కరెంటు ‘పోయింది’ అంటే ఓల్టేజీ లేదు. ‘కొట్టింది’ అంటే ఒంట్లోంచి నిజంగానే కరెంటు పారింది. ఏసీ కరెంటు ‘లాగుతుంది’, తెలంగాణలో ‘గుంజుతది’, అది సామర్థ్యం. పగలు లైట్లేసి కరెంటు ‘కాలుస్తున్నారు’ అంటే ఖర్చయ్యే శక్తి. లెక్కంతా క్రియలోనే ఉంది.

‘తక్కువొచ్చింది’ దగ్గరే చిక్కు. 230 ఓల్టుల మీద 2000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. నిరోధం 26 ఓములకు కాస్త పైన. ఓల్టేజీ 180కి పడితే ఆంపియర్లు 6.8కి దిగుతాయి, సామర్థ్యం 1225 వాట్లకు. నీళ్లు త్వరగా కాగవు, అంతకు మించి నష్టం లేదు. ఇక్కడ ‘కరెంటు తక్కువొచ్చింది’ అన్నమాట అక్షరాలా నిజం.

మోటారు అలా ఊరుకోదు. బోరులోంచి అన్నే నీళ్లు ఎత్తాలి కాబట్టి సామర్థ్యం పెద్దగా తగ్గదు. గుణకారంలో ఒకటి తగ్గితే రెండోది పెరగాల్సిందే. ముతక లెక్కలో, ఓల్టేజీ ఐదో వంతు పడితే కరెంటు నాలుగో వంతు పెరుగుతుంది. వైండింగులో వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది గనక ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ముందు తీగ మీది వార్నిషు మాడిన వాసన, తర్వాత షాపు. స్టార్టరు డబ్బా మీద రెండు మీటర్లుంటే ఇదంతా కళ్లముందే కనిపిస్తుంది: ఓల్టుల ముల్లు దిగుతుంటే ఆంపియర్ల ముల్లు ఎక్కుతుంది. అది చూసీ రైతు ‘కరెంటు తక్కువ’ అనే అంటాడు. అతని కరెంటు తీగలోంచి వచ్చే సరఫరా, మోటారులో పారేది కాదు.

నిఘంటుకర్తలకు ఒక మనవి. ‘కరెంటు’ అన్న పదానికి ఎదురుగా ‘విద్యుత్తు’ అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. పోవు, కొట్టు, లాగు, కాల్చు, తక్కువవచ్చు: క్రియకొక అర్థం చొప్పున విడివిడిగా ఇవ్వండి.