దీర్ఘకాలిక కోవిడ్

దీర్ఘకాలిక కోవిడ్ అనగా కోవిడ్-19 వ్యాధి తగ్గిన తరువాత కూడా కొందరిలో నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి కొనసాగే అనారోగ్య స్థితి. దీనిని లాంగ్ కోవిడ్ అని కూడా వ్యవహరిస్తారు. పరీక్షలో వైరస్ లేదని తేలినంత మాత్రాన రోగి పూర్తిగా కోలుకున్నట్లు కాదని ఈ వ్యాధి తెలియజేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కోవిడ్ సోకిన ప్రతి 100 మందిలో సుమారు 6 మందికి ఈ స్థితి ఏర్పడుతుంది.

నిర్వచనం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో దీనికి నిర్వచనం ప్రకటించింది. దాని ప్రకారం, కోవిడ్ మొదలైన నాటి నుండి సాధారణంగా 3 నెలల నాటికి కనిపిస్తూ, కనీసం 2 నెలల పాటు కొనసాగుతూ, వేరొక వ్యాధి కారణమని చెప్పడానికి వీలులేని లక్షణాలు దీని కిందకు వస్తాయి. ఇవి మొదటి జబ్బు నుండి విడవకుండా ఉండవచ్చు, లేదా కోలుకున్న తరువాత కొత్తగా మొదలు కావచ్చు. మధ్యలో తగ్గి మళ్ళీ తిరగబెట్టడం కూడా ఉంది.

పేరు, చరిత్ర

సాధారణంగా వ్యాధులకు వైద్యులు పేర్లు పెడతారు. ఈ వ్యాధికి పేరు పెట్టినది రోగులే. స్వల్పంగా వచ్చిన కోవిడ్ రెండు వారాలలో తగ్గిపోతుందని 2020 తొలి నెలలలో భావించేవారు. వారాలు గడిచినా కోలుకోనివారు తమ బాధలను సామాజిక మాధ్యమాలలో వెల్లడించసాగారు. ఇటలీకి చెందిన పురావస్తు పరిశోధకురాలు ఎలిసా పెరెగో 2020 మేలో ట్విట్టర్‌లో లాంగ్ కోవిడ్ అనే మాటను ఉపయోగించారు. అదే తరువాత వైద్య పత్రికలలోనూ స్థిరపడింది. రోగులే పరిశోధకులై జరిపిన ఒక సర్వే 2021లో ప్రచురితమైంది. అందులో 56 దేశాలకు చెందిన 3,762 మంది పాల్గొన్నారు. 203 రకాల లక్షణాలు నమోదయ్యాయి.

లక్షణాలు

తీవ్రమైన నీరసం, ఆయాసం, గుండెదడ, కీళ్ళ నొప్పులు, నిద్రలేమి, వాసన తెలియకపోవడం ఎక్కువగా కనిపిస్తాయి. మతిమరుపు, ఏకాగ్రత లోపించడం, మాటలు వెంటనే తట్టకపోవడం వంటి వాటిని కలిపి బ్రెయిన్ ఫాగ్ అంటారు. కొందరిలో లేచి నిలబడగానే గుండె వేగం అమితంగా పెరుగుతుంది.

శ్రమ తరువాత వచ్చే నిస్త్రాణ ఇందులో ముఖ్యమైన లక్షణం. కొద్దిపాటి పని చేసినా ఒకటి రెండు రోజుల తరువాత బాధలన్నీ ఒక్కసారిగా పెరిగి, రోగి మంచం పట్టవచ్చు.

కారణాలు

కారణం ఒక్కటేనని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. వైరస్ అవశేషాలు శరీరంలో మిగిలిపోవడం, రోగనిరోధక వ్యవస్థ సొంత కణాలపైనే దాడి చేయడం, సూక్ష్మమైన రక్తపు గడ్డలు, శరీరంలో నిద్రాణంగా ఉన్న పాత వైరస్‌లు తిరిగి విజృంభించడం అనే అంశాలపై పరిశోధనలు జరుగుతున్నాయి. ఆసుపత్రిలో చేరవలసినంత తీవ్రంగా కోవిడ్ వచ్చినవారికి, స్త్రీలకు ముప్పు ఎక్కువ. అయితే స్వల్పంగా వచ్చినవారికి కూడా ఇది రావచ్చు. టీకా వలన ముప్పు తగ్గుతుంది గాని పూర్తిగా తొలగిపోదు.

భారతదేశంలో

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ కోవిడ్ అనంతర సంరక్షణపై 2020 సెప్టెంబరులో సూచనలను, 2021 అక్టోబరులో సమగ్ర మార్గదర్శకాలను విడుదల చేసింది. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, ఆసుపత్రి నుండి ఇంటికి చేరిన 14,419 మందిలో 6.5 శాతం మంది ఏడాదిలోగా మరణించినట్లు తేలింది. ఈ మరణాలన్నీ దీర్ఘకాలిక కోవిడ్ వలన సంభవించినవి కావు. కోలుకున్నవారిని కొంతకాలం గమనిస్తూ ఉండాలని మాత్రం ఇవి తెలుపుతున్నాయి.

2021లో కోవిడ్ రోగులలో కనిపించిన బ్లాక్ ఫంగస్ వేరొక వ్యాధి. అది శిలీంధ్రం వలన వస్తుంది. ఆ ఏడాది మేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాని చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. తెలంగాణ ప్రభుత్వం దానిని తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించింది.

నిర్ధారణ, చికిత్స

ఈ వ్యాధిని నిర్ధారించే ప్రత్యేక పరీక్ష లేదు. ఎక్స్‌రే, రక్తపరీక్షలు చాలా మందిలో మామూలుగానే ఉంటాయి. అందువలన రోగి చెప్పేది సోమరితనమనో, మనోభ్రమ అనో ఇంటివారు, యజమానులు కొట్టిపారేయడం జరుగుతుంది. రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం, క్షయ, గుండెజబ్బు వంటివి లేవని వైద్యులు ముందుగా నిర్ధారించుకోవాలి.

నయం చేసే మందు ఇంకా లేదు. పాక్స్‌లోవిడ్‌ను 15 రోజులు ఇచ్చి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం జరిపిన పరీక్షలో చెప్పుకోదగిన మేలు కనబడలేదని 2024లో వెల్లడైంది. లక్షణాలను బట్టి చికిత్స చేస్తారు. ఆయాసానికి శ్వాస వ్యాయామాలు ఉపకరిస్తాయి. శ్రమ తరువాత నిస్త్రాణ కలిగేవారు పనిని చిన్న భాగాలుగా చేసుకొని, అలసటకు ముందే విశ్రాంతి తీసుకోవాలి. వీరిని బలవంతంగా వ్యాయామం చేయిస్తే హాని కలుగవచ్చు.

సామాజిక ప్రభావం

విశ్రాంతి అవసరమైన ఈ వ్యాధి రోజు కూలీలకు, చిరువ్యాపారులకు పెద్ద భారం. అమెరికాలో దీర్ఘకాలిక కోవిడ్‌ను వైకల్యంగా పరిగణించవచ్చని 2021 జులైలో ప్రభుత్వం ప్రకటించింది. భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో ఇది లేదు.

ఇవి కూడా చూడండి

కోవిడ్-19
బ్లాక్ ఫంగస్
టీకా