పాత మిద్దెపై కొత్త అంతస్తు: ముందు పునాది చూడాలి

ప్రొద్దుటూరు: ఇల్లు అమ్మదలచినప్పుడో, అన్నదమ్ములు పంచుకోదలచినప్పుడో దాని విలువ పెంచుకోవాలన్న ఆలోచన సహజం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల్లో ఆ ఆలోచన తరచుగా మరో అంతస్తుగానో, వీధివైపు గ్రానైటు అలంకారంగానో రూపుదాలుస్తుంది. అయితే అనుభవమున్న కొనుగోలుదారుని చూపు మొదట గోడల పగుళ్లపై, పైకప్పు చెమ్మపై, ఆ తర్వాత దస్తావేజులపై పడుతుంది. ఈ మూడింటిలో లోపం ఉంటే అలంకారానికి పెట్టిన సొమ్ము బేరంలో తిరిగి రావడం కష్టం.

నల్లరేగడితో చిక్కు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పరిసరాల్లో నల్లరేగడి విస్తారం. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చే ఈ నేల తనతోపాటు పునాదినీ కదుపుతుంది. కిటికీలు, ద్వారబంధాల మూలల నుంచి ఏటవాలుగా సాగే పగుళ్లు దీనికి గుర్తు. వాటిపై సిమెంటు పూసి రంగు వేస్తే మరుసటి వేసవికి మళ్లీ తెరుచుకుంటాయి. పగులుకు అడ్డంగా సన్నని గాజు పట్టీని అతికించి ఒక వానాకాలం, ఒక వేసవి గమనించడం పాత పద్ధతే అయినా నమ్మదగినది. గాజు విరిగితే కదలిక ఆగలేదన్నమాట. అటువంటి ఇంటిపై అంతస్తు లేపడం సాహసమే. కొత్తగా స్తంభాలు వేయక తప్పకుంటే, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ నల్లరేగడి నేలల కోసం రూపొందించిన, అడుగుభాగం గంటలా వెడల్పయ్యే కాంక్రీటు పునాదుల గురించి ఇంజనీరును సంప్రదించవచ్చు.

మట్టి మిద్దెల తీరు వేరు

రాతిగోడలు, దూలాలు, దంతెలు, పైన మట్టి కప్పు గల పాత మిద్దెలు సీమ ఎండలకు తగిన కట్టడాలు. మందపాటి గోడల వల్ల లోపల చల్లగా ఉంటుంది. గవాచి నుంచి వెలుతురు వస్తుంది. కానీ ఆ రాళ్లను పట్టి ఉంచేది చాలాచోట్ల మట్టే. గోడ రెండడుగుల మందం ఉన్నంత మాత్రాన కాంక్రీటు శ్లాబును మోస్తుందనుకోవడం పొరపాటు. పైగా కారకుండా ఏటా చౌడు పోస్తూ రావడంతో కప్పు బరువు పెరుగుతూ ఉంటుంది. అంగుళం మందాన మట్టి చదరపు మీటరుకు దాదాపు 40 కిలోలు తూగుతుంది. గోడలోకి దిగిన దూలాల కొనలకు చెదలు పట్టిందేమో ముందుగా పరీక్షించాలి.

ఉమ్మడి గోడ మరో సమస్య. పొరుగువారి దూలాలు కూడా దానిపైనే ఆని ఉంటాయి. నోటిమాటపై గోడ విప్పి, తర్వాత కోర్టు మెట్లెక్కడం కంటే పని మొదలుకాకముందే ఒప్పందం రాసుకోవడం చౌక.

నేల విషయంలో తొందర అనవసరం. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల్లో దొరికే నాపరాయికి మళ్లీ పాలిష్ పట్టిస్తే చాలాచోట్ల టైల్స్ అవసరమే ఉండదు. ఇది సున్నపురాయి జాతి. స్నానాల గది యాసిడ్ పడితే మెరుపు పోతుంది.

వేసవిలో శ్లాబు వేసేవారు నీటి సౌకర్యం ముందే చూసుకోవాలి. పొడి వేడి వాతావరణంలో కాంక్రీటును కనీసం 10 రోజులు తడపాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది.

అద్దె, అనుమతి, పన్ను

2006లో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడిన పులివెందుల వంటి చోట అద్దె కోసం మేడ కట్టేవారు మెట్లు, కరెంటు మీటరు విడిగా ఏర్పాటు చేసుకుంటే ఆ భాగానికి గిరాకీ ఉంటుంది. ప్రొద్దుటూరులో బంగారం, బట్టల వ్యాపారం సాగే వీధుల్లో ముందుగదిని దుకాణంగా మార్చడం మామూలే. అయితే నివాసేతర వినియోగానికి ఆస్తి పన్ను రేటు ఎక్కువ. 2021 ఏప్రిల్ నుంచి పురపాలక సంఘాల్లో పన్నును అద్దె విలువకు బదులు మూలధన విలువపై లెక్కించే విధానం వచ్చింది.

అంతస్తు పెంచాలంటే ప్లాను అనుమతి తప్పదు. అనుమతి లేని కట్టడాల కోసం ప్రభుత్వం 2007, 2015, 2019 సంవత్సరాల్లో బీపీఎస్ పథకాలు ప్రకటించిన మాట నిజమే. కానీ అపరాధ రుసుము కట్టాల్సి వచ్చింది. మళ్లీ అవకాశం ఇస్తారన్న ధీమాతో కట్టిన ఇంటికి బ్యాంకు రుణం దొరకక, కొనేవారు వెనక్కి తగ్గుతారు. తాతల నాటి ఇల్లయితే భాగపరిష్కార దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ సరిచూసుకున్నాకే మేస్త్రీని పిలవాలి.

బిల్లులు కూడా భద్రపరచాలి. ఇల్లు అమ్మినప్పుడు దీర్ఘకాలిక మూలధన లాభం నుంచి అదనపు నిర్మాణ వ్యయాన్ని మినహాయించుకోవచ్చు. 2024 జులై 23 నుంచి వచ్చిన 12.5 శాతం రేటున, 5 లక్షల రూపాయల వ్యయానికి ఆధారాలు చూపితే 62,500 రూపాయల పన్ను తగ్గుతుంది. రంగులు, చిల్లర మరమ్మతులు ఈ లెక్కలోకి రావు. 2001 ఏప్రిల్ 1కి ముందు చేసిన ఖర్చులకూ ఇది వర్తించదు.