మగధీర (2009 చలనచిత్రం)

మగధీర 2009 జులై 31న విడుదలైన తెలుగు పునర్జన్మ చిత్రం. దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి, కథ వి. విజయేంద్రప్రసాద్, నిర్మాత అల్లు అరవింద్. రామ్‌చరణ్, కాజల్ అగర్వాల్, శ్రీహరి, దేవ్ గిల్ రెండేసి జన్మల పాత్రలు వేశారు.

హైదరాబాదులో బైకు విన్యాసాలతో బతికే కుర్రాడు హర్ష. ఆటోలో పోతుండగా ఓ అమ్మాయి వేళ్లు చేతికి తగిలి ఒళ్లు ఝల్లుమంటుంది, ముఖమైనా చూడలేదు. ఆమె కోసం వెతుకులాటే అతణ్ని 1609 నాటి ఉదయ్‌ఘడ్‌కు, యోధుడు కాలభైరవ, యువరాణి మిత్రవిందల గతానికి చేరుస్తుంది. భైరవకోనలో వందమందితో భైరవ ఒంటరి పోరు ఈనాటికీ ఒళ్లు గగుర్పొడిపిస్తుంది. అయితే కథలో అసలైన గొప్ప ఊహ షేర్‌ఖాన్‌ది: దండెత్తి వచ్చిన శత్రువే మరుజన్మలో సాల్మన్‌గా పుట్టి నాయకుడికి అండగా నిలుస్తాడు.

పునర్జన్మ కథలు తెలుగు ప్రేక్షకులకు కొత్త కావు. ఆదుర్తి సుబ్బారావు ‘మూగమనసులు’ (1964) ఆ దారిలో ఎప్పుడో కన్నీళ్లు పెట్టించింది. మగధీర అదే ఇతివృత్తానికి కత్తియుద్ధాలను, గ్రాఫిక్స్‌ను జోడించింది. స్పెషల్ ఎఫెక్ట్స్‌కూ నృత్యాలకూ జాతీయ అవార్డులొచ్చాయి. 2011లో తమిళంలోకి ‘మావీరన్‌’గా డబ్ అయింది, 2018లో జపాన్ థియేటర్లలో విడుదలైంది.