ముక్కు కడుక్కోవడానికి ఒక చరిత్ర: జలనేతి ఎంత ప్రాచీనం?

1. పరిచయం

పడిశం పది రోగాల పెట్టు అని మన పెద్దలు అంటారు. ధనుర్మాసంలో తిరుపతిలో తెల్లవారుజామున లేచి తిరిగేవారికి ఈ సామెత అర్థం వేరే చెప్పనక్కర లేదు. ముక్కు దిబ్బడ, నుదుటి మీద బరువు, కళ్ల కింద నొప్పి కొందరిని వారాల తరబడి వదలవు. నా చిన్నతనంలో చిత్తూరు పల్లెల్లో దీనికి తెలిసిన వైద్యం ఆవిరి పట్టడం. వావిలాకు వేసి మరిగించిన నీళ్ల కుండ ముందు కూర్చోబెట్టి దుప్పటి కప్పేవారు. ఇప్పుడు చాలా ఇళ్లలో కొమ్ము ఉన్న చిన్న చెంబు కనిపిస్తుంది. దానితో ఒక ముక్కు రంధ్రంలో గోరువెచ్చని ఉప్పునీరు పోస్తే రెండో రంధ్రం నుంచి బయటికి వస్తుంది. దీన్నే జలనేతి అంటున్నాం.

కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం తరగతిలో ఒక విద్యార్థిని నన్ను అడిగింది: "సార్, జలనేతి వేల ఏళ్ల నాటిదంటారు. అంత పాతదైతే భయం లేకుండా చేయొచ్చు కదా?" ఆ మాటల్లో రెండు ప్రశ్నలున్నాయి. ఇది ఎంత పాతది అన్నది చరిత్ర ప్రశ్న. ఇది క్షేమమా అన్నది ఆరోగ్య ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోదానికి దొరికినట్లు కాదు. ఎందుకు కాదో ఈ పాఠంలో చూద్దాం.

2. గ్రంథాలు ఏమి చెబుతున్నాయి?

చరిత్ర విద్యార్థిగా మీరు ముందు అడగవలసింది "ఏ గ్రంథంలో ఉంది? ఏ మాటతో ఉంది?" అని. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రచించిన హఠయోగ ప్రదీపిక ఆరు శుద్ధిక్రియలను పేర్కొంటుంది. అవి ధౌతి, బస్తి, నేతి, త్రాటకం, నౌళి, కపాలభాతి. ఇక్కడ నేతి అంటే నీళ్లతో కడగడం కాదు. జానెడు పొడవున్న నున్నని దారాన్ని ముక్కులోకి ఎక్కించి నోటి నుంచి తీయడం. నేడు యోగ శిక్షకులు సూత్రనేతి అంటున్నది దీన్నే. దారానికి బదులు సన్నని రబ్బరు గొట్టం వాడేవారూ ఉన్నారు.

నీళ్ల సంగతి దీని తరువాతి కాలపు ఘేరండ సంహితలో స్పష్టంగా కనిపిస్తుంది. అయితే అక్కడ దాని పేరు నేతి కాదు. కపాలభాతిలో ఒక రకంగా దాన్ని చెప్పారు. ముక్కుతో నీరు పీల్చి నోటితో వదలడం వ్యుత్క్రమం, నోటితో పీల్చి ముక్కుతో వదలడం శీత్క్రమం. ఈ వర్ణనల్లో ఉప్పు లేదు, కొమ్ము చెంబు లేదు, ఒక రంధ్రం నుంచి మరో రంధ్రానికి నీరు పారించడమూ లేదు.

ఇంకొక విషయం గమనించండి. కొవ్వు, కఫం అధికంగా ఉన్నవారు ముందుగా ఈ ఆరు క్రియలు చేయాలని, మిగిలినవారికి అవసరం లేదని హఠయోగ ప్రదీపికే చెబుతుంది. అంటే ప్రాచీన గ్రంథం కూడా దీన్ని అందరికీ నిత్యవిధిగా చెప్పలేదు.

ఆయుర్వేదంలోని నస్యం మరొక సంప్రదాయం. చరక, సుశ్రుత సంహితల్లోను, వాగ్భటుని అష్టాంగ హృదయంలోను దీని వివరాలున్నాయి. ఇందులో ప్రధానమైనది ముక్కులో ఔషధ తైలం చుక్కలు వేయడం. పంచకర్మల్లో ఇదొకటి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానాల ఆధ్వర్యంలో నడిచే శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాల వంటి చోట్ల నేటికీ దీన్ని బోధిస్తారు. నస్యం, నేతి రెండూ ముక్కుకు సంబంధించినవే అయినా పద్ధతి వేరు, ఉద్దేశం వేరు.

3. మన ప్రాంతపు ఆధారాలు

మన జిల్లా మాటేమిటి? తరిగొండలో పుట్టి తిరుమలలో జీవించిన వెంగమాంబ (1730–1817) తెలుగులో అష్టాంగ యోగసారం రాసింది. యోగాన్ని తెలుగులో, అదీ ఒక స్త్రీ, రాసిందంటే మన ప్రాంతానికి గర్వకారణమే. అయితే పుస్తకం పేరులో యోగం ఉంది కాబట్టి అందులో జలనేతి కూడా ఉంటుందని అనుకోవడం చరిత్రకారుడు చేయకూడని పని. యోగం అన్న ఒక్క మాట కింద ధ్యానమార్గాలున్నాయి, భక్తిమార్గాలున్నాయి, హఠయోగ క్రియలూ ఉన్నాయి. పేరు చూసి నిర్ణయించవద్దు, లోపల చదవండి.

నీళ్లతో ఇంటి వైద్యం అన్న ఆలోచన తెలుగు అచ్చుపుస్తకాల్లోకి రావడానికి మరొక దారి కూడా ఉంది. జర్మనీకి చెందిన లూయీ కూనే ప్రకృతి వైద్య గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ 1894లో తెలుగులోకి అనువదించారు. భారతదేశంలో ప్రకృతి వైద్య ఉద్యమానికి ఈ అనువాదాన్ని తొలి మెట్టుగా చెబుతారు. తొట్టిస్నానాలు, ఆవిరి స్నానాలు అందులోని ప్రధాన చికిత్సలు. మందు లేకుండా నీటితో నయం చేసుకోవచ్చన్న నమ్మకాన్ని ఇటువంటి పుస్తకాలు తెలుగు ఇళ్లకు చేర్చాయి.

4. ఉప్పునీరు, చెంబు ఎలా కలిశాయి?

1860లలో లండన్‌లో పనిచేసిన జర్మన్ వైద్యుడు థూడికుమ్ ముక్కు జబ్బులకు ఒక పద్ధతిని ప్రచారం చేశారు. ఎత్తున ఉంచిన పాత్ర నుంచి గొట్టం ద్వారా ఒక రంధ్రంలోకి ఉప్పునీరు వదిలితే రెండో రంధ్రం నుంచి బయటికి వస్తుంది. నోటితో గాలి పీలుస్తున్నప్పుడు అంగిలి వెనుక భాగం లేచి గొంతు దారిని మూస్తుంది కాబట్టి ఇది సాధ్యం. ఆ శతాబ్దం చివర డచ్ శాస్త్రవేత్త హాంబర్గర్ రక్తంతో సరితూగే ఉప్పు పాళ్లను నిర్ణయించడానికి కృషి చేశారు. నేడు వాడే 0.9 శాతం సెలైన్, అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు, ఆ అవగాహన నుంచి వచ్చిందే. ఉత్త నీరు ముక్కులో పోస్తే మంట పుడుతుంది. కణాల్లోని లవణం కంటే నీటిలో లవణం తక్కువ కావడంతో నీరు కణాల్లోకి చొరబడుతుంది. సరైన పాళ్లలో ఉప్పు కలిపితే ఆ మంట ఉండదు.

1924లో స్వామి కువలయానంద లోనావ్లాలో కైవల్యధామం స్థాపించి, యోగక్రియలను ప్రయోగశాలలో పరీక్షించే పని మొదలుపెట్టారు. 20వ శతాబ్దపు యోగ శిక్షణలో జలనేతి, సూత్రనేతి అన్న జంట పేర్లు స్థిరపడ్డాయి. ఏది దేని నుంచి వచ్చిందని తొందరపడి తేల్చనక్కర లేదు. నేటి జలనేతిలో పాత యోగగ్రంథాల ఆలోచన, ఆధునిక వైద్యపు ఉప్పు పాళ్లు రెండూ ఉన్నాయని మాత్రం చెప్పగలం.

5. ప్రయోజనం, ప్రమాదం

2002లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో 76 మందిపై ఆరు నెలల పరిశీలన జరిగింది. రోజూ ఉప్పునీటితో ముక్కు కడిగిన సైనస్ రోగులకు బాధ తగ్గింది, మందుల వాడకమూ తగ్గింది. 2016 నాటి కాక్రేన్ సమీక్ష మాత్రం అప్పటివరకు ఉన్న ఆధారాలు బలమైనవి కావని హెచ్చరించింది. ఉపశమనం కలగవచ్చు, దీన్ని సర్వరోగ నివారిణి అనలేం.

ఇక ప్రమాదం. నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా వెచ్చని మంచినీటిలో బతుకుతుంది. నీరు తాగితే దానివల్ల ఈ జబ్బు రాదు. ముక్కులోకి పోతే మాత్రం వాసన నాడి వెంట మెదడుకు చేరి ప్రాణం తీయగలదు. ఈ జబ్బును 1965లో ఆస్ట్రేలియాలో తొలిసారి వర్ణించారు. 2011లో అమెరికాలోని లూసియానాలో నేతి పాత్రలో కుళాయి నీరు వాడిన ఇద్దరు దీనితో మరణించారు. ఇది చాలా అరుదైన జబ్బు. కానీ స్వాత్మారాముడికి గానీ ఘేరండ సంహిత కర్తకు గానీ ఈ జీవి సంగతి తెలిసే అవకాశం లేదు. ప్రాచీనత భద్రతకు హామీ కాదని ఆ విద్యార్థినికి నేను చెప్పింది ఇందుకే.

అందువల్ల కల్యాణి డ్యాం నీరైనా, తెలుగుగంగ నీరైనా, బోరు నీరైనా నేరుగా ముక్కులో పోయవద్దు. ఇరవై లీటర్ల క్యాను నీరు కూడా తాగడానికి తయారుచేసినదే. మూడు నుంచి ఐదు నిమిషాలు బాగా మరగనిచ్చి, గోరువెచ్చగా అయ్యేదాకా మూతపెట్టి చల్లార్చిన నీరు లేదా డిస్టిల్డ్ వాటర్ వాడాలి. మరిగించిన నీటిని మూత ఉన్న శుభ్రమైన పాత్రలో ఉంచి ఒక్కరోజులోపే వాడేయాలి. అర లీటరుకు నాలుగున్నర గ్రాముల ఉప్పు చాలు. కొలవడం కష్టమైతే మందుల దుకాణంలో దొరికే పొట్లం మేలు. వాడిన పాత్రను కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ముక్కు పూర్తిగా మూసుకుపోయినవారు, చెవిలో చీము ఉన్నవారు, ముక్కు నుంచి తరచూ రక్తం కారేవారు, ఈమధ్య ముక్కుకు ఆపరేషన్ అయినవారు డాక్టరును అడగకుండా చేయకూడదు. జ్వరం, కంటి చుట్టూ వాపు, చూపులో తేడా, తీవ్రమైన తలనొప్పి ఉంటే చెంబు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

6. సారాంశం

ముక్కును శుభ్రం చేసుకోవడం మన దేశంలో నిజంగానే పాత అలవాటు. కానీ నేడు మనం చేసే రూపంలో జలనేతి పలు కాలాల, పలు దేశాల జ్ఞానం కలిసి ఏర్పడినది. పాతదని కొట్టివేయనూ వద్దు, పాతదని కళ్లుమూసుకొని నమ్మనూ వద్దు. ఆధారం అడగడం చరిత్ర పరీక్ష కోసమే కాదు, ఇంట్లో వాళ్ల క్షేమం కోసం కూడా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హఠయోగ ప్రదీపికలోని నేతికి, నేటి జలనేతికి తేడా ఏమిటి?
2. నస్యాన్ని, నేతిని ఒకటిగా ఎందుకు చూడకూడదు?
3. మీ ఇంట్లో పెద్దలు పడిశానికి చేసే ఒక వైద్యం గురించి అడగండి. అది వారికి ఎవరి నుంచి, ఎప్పుడు తెలిసిందో పది వాక్యాల్లో రాయండి.