కొసలను నిలిపేదెవరు? స్నోఆర్‌ఎన్‌ఏల పరిపక్వత – తార్నాక పరిశోధనల నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

కణ కేంద్రకాంశంలో పనిచేసే చిన్న ఆర్‌ఎన్‌ఏలే స్నోఆర్‌ఎన్‌ఏలు. తొలుత పొడవుగా తయారైన ఈ అణువులు కొసలు తెగి, ప్రొటీన్లతో కూడి పక్వమవుతాయి. ఏ కోతలు అవసరమో జన్యువు అనులేఖన పద్ధతిని బట్టి తేలుతుందని, కోత ఎక్కడ ఆగాలో ప్రొటీన్ల కూర్పు తేలుస్తుందని ఈ వ్యాసం వాదిస్తుంది.

ముఖ్యపదాలు: స్నోఆర్‌ఎన్‌ఏ, కేంద్రకాంశం, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 3, ఈస్ట్, సీసీఎంబీ

1. నేపథ్యం

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న తార్నాక నుంచి ఉప్పల్‌కు వెళ్లే దారిలోనే ఐఐసీటీ, సీసీఎంబీ పరిశోధన సంస్థలు ఉన్నాయి. నాడు ప్రాంతీయ పరిశోధనశాలగా ఉన్న ఐఐసీటీలోని జీవరసాయన విభాగమే 1977లో పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో సీసీఎంబీకి పునాది అయింది. అక్కడ పూర్ణిమా భార్గవ బృందం ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 3 చదివే ఈస్ట్ జన్యువులపై ఏళ్ల తరబడి పనిచేసింది. రొట్టెల ఈస్ట్‌లో స్నోఆర్‌ఎన్‌ఏ జన్యువులను పాలిమరేజ్ 2 చదువుతుంది. ఎస్‌ఎన్‌ఆర్52 ఒక్కటే పాలిమరేజ్ 3 వాటా. ఆ మినహాయింపే ఈ చర్చకు ఆధారం.

2. రెండు కుటుంబాలు

సి/డి కుటుంబపు స్నోఆర్‌ఎన్‌ఏలు రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏలో మిథైల్ గుంపు చేర్చాల్సిన చోటును చూపిస్తాయని 1996లో, హెచ్/ఏసీఏ కుటుంబం యూరిడిన్‌ను సూడోయూరిడిన్‌గా మార్చాల్సిన చోటును చూపిస్తుందని 1997లో వెల్లడైంది. అసలు రసాయన చర్య జరిపేది ప్రొటీన్లే: మొదటి కుటుంబంలో ఫిబ్రిల్లారిన్, రెండో దానిలో డిస్కెరిన్.

3. కోతలు, కాపలా

ఈస్ట్‌లో చాలా స్నోఆర్‌ఎన్‌ఏల ముడి రూపాన్ని ఆర్‌ఎన్‌టీ1 ఎంజైమ్ హెయిర్‌పిన్ మడత దగ్గర కోస్తుంది. ఆపైన 5′ వైపు నుంచి రాట్1, 3′ వైపు నుంచి ఎక్సోసోమ్ ఒక్కో న్యూక్లియోటైడ్‌నూ తీసేస్తూ వస్తాయి. మనిషిలో దారి వేరు. ఎక్కువ స్నోఆర్‌ఎన్‌ఏలు ఇతర జన్యువుల ఇంట్రాన్లలో దాగి ఉంటాయి. ఇంట్రాన్ విడివడి, దాని ఉచ్చు విప్పుకున్నాకే కొసల పని మొదలవుతుంది. యూ22 అనే స్నోఆర్‌ఎన్‌ఏ ఆతిథ్య జన్యువులో పనికొచ్చేది ఎక్సాన్లు కాదు, ఇంట్రాన్లేనని 1996లో స్టైట్జ్ బృందం చూపింది. వరిలో కొన్ని స్నోఆర్‌ఎన్‌ఏలు టీఆర్‌ఎన్‌ఏతో జంటగా పుట్టి, ఆర్‌ఎన్‌ఏస్ జెడ్ కోతతో విడిపోతాయి.

దారులు ఇన్ని ఉన్నా గమ్యం ఒకటే. హెచ్/ఏసీఏ అణువుల్లో ఏసీఏ వరుస తర్వాత 3′ కొసకు మిగిలేది సాధారణంగా 3 న్యూక్లియోటైడ్లే. ఎక్సోసోమ్‌కు ఆ లెక్క తెలియదు; డిస్కెరిన్ తదితర ప్రొటీన్లు పట్టుకున్న చోట అది ఆగిపోతుంది. ప్రొటీన్లు అతకని అణువు పూర్తిగా అరిగిపోతుంది. అందుకే కూర్పు కోతకంటే ముందే, అనులేఖనం సాగుతుండగానే మొదలవుతుంది.

4. పాలిమరేజ్ 3 చెప్పే సంగతి

పాలిమరేజ్ 3కు దారి చూపే ప్రమోటర్ వరుసలైన ఏ, బి బాక్సులు సాధారణంగా జన్యువు లోపలే ఉంటాయి. యూ6 ఆర్‌ఎన్‌ఏను ఇచ్చే ఎస్‌ఎన్‌ఆర్6లో బి బాక్సు జన్యువు చివర దాటి, ఏ బాక్సుకు సుమారు 200 బేస్ జతల దూరంలో ఉంటుంది. క్రొమాటిన్‌గా కట్టిన ఈ జన్యువును టీఎఫ్‌3సీ కారకం బలంగా ఉత్తేజపరుస్తుందని 2004లో పూర్ణిమా భార్గవ బృందం ప్రచురించింది. రెండు బాక్సుల నడుమ కుదురుకునే న్యూక్లియోసోమ్ వాటిని దగ్గరికి తెస్తుందన్నది దీని వెనుక ఉన్న ఊహ.

ఎస్‌ఎన్‌ఆర్52లో ఆ రెండు బాక్సులూ పక్వ అణువుకు ముందున్న నాయక భాగంలో ఉంటాయి. అనులేఖనానికి అవి కావాలి, పక్వ అణువుకు అక్కర్లేదు. కాబట్టి ఆ భాగం తెగిపోక తప్పదు. యూ6లో 5′ వైపు అలాంటి కోత లేదు. ఒకే పాలిమరేజ్ చదివినా, ప్రమోటర్ అమరికను బట్టి పరిపక్వతలో ఒక మెట్టు ఎక్కువో తక్కువో అవుతోంది.

5. ముగింపు

ప్రమోటర్‌ను జన్యు నియంత్రణ నిపుణులకు, కొసల కోతను ఆర్‌ఎన్‌ఏ నిపుణులకు వదిలేయడం ఇకపై కుదరదు. 2013 నుంచి ఈస్ట్‌లో క్రిస్పర్ గైడ్ ఆర్‌ఎన్‌ఏల తయారీకి ఎస్‌ఎన్‌ఆర్52 ప్రమోటర్‌నే విరివిగా వాడుతున్నారు కనుక ఇది ప్రయోగశాలల రోజువారీ అవసరం కూడా. వాదాన్ని పరీక్షించే మార్గం సూటిగానే ఉంది: ఎస్‌ఎన్‌ఆర్52ను పాలిమరేజ్ 2 ప్రమోటర్ కిందికి మార్చి చూడాలి. మధ్యలోని కోతలు మారినా పక్వ కొసలు మారకపోతే, కొసలను నిలిపేది ప్రొటీన్లేనన్న మాట నిలుస్తుంది. కొసలు మారితే ప్రమోటర్ పాత్రను మరింత పెద్దదిగా లెక్కించాలి.